మొదటి ప్రపంచ యుద్ధం పుస్తకాలు: ఒక ఆర్‌ఎంఎస్ సార్టర్ చదివే పద్ధతి

పోయిన సంక్రాంతికి మా మేనకోడలు ఇంటికొచ్చింది. గ్రూప్స్‌కి చదువుతోంది. నా బీరువా ముందు నిలబడి, "ఏటి మావయ్యా, ఇన్ని యుద్ధం పుస్తకాలు? ఇవన్నీ చదివేసేవా?" అంది. చదివాను, కొన్ని రెండేసి సార్లు. మొదటిది పూర్తి చెయ్యడానికి మాత్రం నాకు రెండేళ్లు పట్టింది. ఆ మాట చెబితే, "అయితే ఎలగ చదవాలో కాగితం మీద రాసిచ్చీ, నాకు రెండేళ్లు లేవు" అంది. దాని కోసం రాయడం మొదలుపెట్టింది ఇంత పొడుగు అయింది.

నేను ఆర్‌ఎంఎస్‌లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, పనిచేసి విజయనగరంలోనే రిటైరయ్యాను. రాత్రి మెయిల్ వ్యాన్‌లో నిలబడి ఉత్తరాలు గళ్లలో వేసే ఉద్యోగం. తెలుగు మీడియం, బీకామ్. చరిత్ర పాఠం పదో తరగతితో సరి. కాబట్టి ఇది ప్రొఫెసర్ల పద్ధతి కాదు, సార్టర్ పద్ధతి. ఉత్తరం చేతికి రాగానే మేం చూసేవి మూడే: ఎక్కడ నుంచి, ఎక్కడికి, ఏ తారీఖు ముద్ర. లోపలున్న కబురు ఎంత బాగున్నా అది మా పని కాదు. చరిత్ర పుస్తకంలో కబురు కూడా మన పనే అనుకోండి, కానీ ఆ మూడూ ముందు చూడకపోతే కబురు మనల్ని ఎటో పట్టుకుపోతుంది.

నా తప్పు ముందు చెబుతాను. 2014లో యుద్ధం మొదలై నూరేళ్లయిందని ఇంగ్లిష్‌లో బోలెడు పుస్తకాలు వచ్చాయి. పేపర్లో చూసి ఉత్సాహపడి నాలుగేళ్ల యుద్ధం మొత్తం ఒకేచోట ఉన్న ఏడొందల పేజీల పుస్తకం తెప్పించాను. మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ తొంభయ్యో పేజీ దగ్గర ఆగిపోయాను. అప్పటికి యాభై మంది మంత్రులు, జనరల్స్, రాయబారులు వచ్చేశారు. ఎవడు ఎవడో తెలీదు. దానికి తోడు అది దొంగ ప్రింటు. చవగ్గా దొరికిందని కొన్నాను. మ్యాపులన్నీ నల్లటి మసి మరకల్లా ఉన్నాయి. నవల అయితే దొంగ ప్రింటులో చదివినా నడిచిపోతుంది. యుద్ధం పుస్తకంలో మ్యాపు పోతే సగం పుస్తకం పోయినట్టే. సెకండ్‌హ్యాండ్ అయినా అసలు ప్రింటే కొనండి. లేదా జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఉందేమో అడగండి. అక్కడ కనపడకపోయినా, లోపల బీరువాల్లో పాత ఇంగ్లిష్ పుస్తకాలు ఉంటాయి. అడిగితే తీసి ఇస్తారు.

పెద్దదానితో మొదలుపెట్టకండి. ఒక్క ఓడ, ఒక్క నెల, ఒక్క ముట్టడి, ఇలాంటి చిన్న విషయం మీద రాసినది తీసుకోండి. మనవాళ్లకి నేను చెప్పేది ఎమ్డెన్ ఓడ కథ. ఎందుకంటే అది మన సముద్రంలోకి వచ్చింది. జర్మనీ వాళ్ల ఈ చిన్న యుద్ధనౌక చైనాలోని వాళ్ల రేవు నుంచి బయల్దేరి, 1914 సెప్టెంబర్‌లో బంగాళాఖాతంలో దూరింది. కలకత్తా దారిలో వరసగా సరుకు ఓడలు పట్టుకుంది. వాటిలో డిప్లొమాట్ అనే ఓడ నిండా టీ ఉంది, ముంచేసింది. ఎమ్డెన్‌కి పొగగొట్టాలు మూడు. బ్రిటిష్ ఓడలా కనపడాలని నాలుగోది ఉత్తుత్తిది తగిలించుకుని తిరిగేది. సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు రేవు ముందుకొచ్చి, లైట్లు వేసి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద గుండ్లు కురిపించి, వచ్చినంత వేగంగా పోయింది. ఊళ్లోంచి వేల మంది సామాను సర్దుకుని వెళ్లిపోయారు. నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా ఓడ సిడ్నీ దీన్ని పట్టుకునేదాకా ఈ ఆట సాగింది. తమిళంలో గట్టిపిండాన్ని, జిత్తులమారిని ఇప్పటికీ ఎమ్డెన్ అంటారు.

చూశారా, ఒక ఓడ, ఒక కెప్టెన్, మూడు నెలలు. పేర్లు పదికి మించవు. ఇలాంటిది రెండు వందల పేజీలు చదివితే పెద్ద యుద్ధానికి తలుపు తెరుచుకుంటుంది. ఓడకి బొగ్గు ఎక్కడిది? జర్మనీకి చైనాలో రేవు ఏమిటి? ఆస్ట్రేలియా వాడు ఎందుకొచ్చాడు? ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. ఒక్క జాగ్రత్త. ఈ కథ రాసే ప్రతివాడూ కెప్టెన్ ముల్లర్ మీద మనసు పారేసుకుంటాడు. పట్టుకున్న ఓడల మనుషుల్ని దింపాకే ముంచేవాడు, మర్యాదస్తుడు, అదీ ఇదీ. నిజమే. కానీ మద్రాసులో ఆ రాత్రి చచ్చిపోయినవాళ్ల పేర్లు ఆ పుస్తకాల్లో వెతకండి. కెప్టెన్ మర్యాద గురించి ఉన్నంత ఉండదు.

పుస్తకం చేతికొచ్చాక మొదటి పేజీ తియ్యొద్దు, వెనక నుంచి రండి. అట్ట వెనక పొగడ్తలు వదిలెయ్యండి. అచ్చయిన ఏడాది చూడండి. 1961లో జర్మన్ చరిత్రకారుడు ఫ్రిట్జ్ ఫిషర్, యుద్ధానికి జర్మనీ నాయకుల బాధ్యతే ఎక్కువని వాళ్ల కాగితాలతోనే వాదించాడు. వాళ్ల దేశంలోనే పెద్ద గొడవైంది. అంతకు ముందు రాసిన పుస్తకం ఒకలా ఉంటుంది, ఆ వాదన వేడిలో రాసింది ఒకలా ఉంటుంది, నూరేళ్ల సందర్భంలో వచ్చినవాటిలో కొన్ని అందరికీ తలా కాస్త తప్పు పంచుతాయి. ఏడాది తెలిస్తే రచయిత ఎవరితో పోట్లాడుతున్నాడో తెలుస్తుంది.

తర్వాత ఇండెక్స్. అందులో ఇండియా ఎన్ని పేజీల్లో ఉందో లెక్కపెట్టండి. ఇది నా సొంత పరీక్ష. 13 లక్షల మందికి పైగా మనవాళ్లు, సైనికులు, కూలీలు కలిపి, ఆ యుద్ధానికి వెళ్లారు. 74 వేల మంది దాకా తిరిగి రాలేదు. ఆరొందల పేజీల పుస్తకంలో ఇండియాకి నాలుగు పేజీలుంటే ఆ పుస్తకం పారెయ్యమని కాదు, కానీ "ప్రపంచ" అన్న మాట అట్ట మీదే ఉందని గుర్తు పెట్టుకుని చదవండి. మన ఊళ్లు వెతికేటప్పుడు పాత పేర్లతో వెతకాలి. శ్రీకాకుళం అని ఉండదు, చికాకోల్ అని ఉంటుంది. విశాఖ అంటే వైజాగపటం, భీమిలి అంటే బిమ్లిపటం. విజయనగరం పాత స్పెల్లింగులో నగరం అన్నచోట ఒక అక్షరం తక్కువ ఉంటుంది, నగ్రం అన్నట్టు. అప్పటికి ఇవి మద్రాసు రాష్ట్రంలో విశాఖ, గంజాం జిల్లాలు. మన పేర్లు చాలాసార్లు దొరకవు. దొరికిన రోజు మాత్రం నేను బజారుకెళ్లి జిలేబీ తెచ్చుకుంటాను.

ఇక పేర్ల గొడవ. ఇక్కడ మన తెలుగువాళ్లకి ఒక పెద్ద సౌకర్యం ఉంది, ఇంగ్లిష్‌వాడికి లేనిది. ప్రతి పుస్తకంలోనూ ముగ్గురు చక్రవర్తులు "కజిన్స్" అని ఒక్క మాటతో వదిలేస్తారు. కజిన్ అంటే ఏమిటి? బావా, అన్నా, తమ్ముడా? నేను ఒక ఆదివారం కాగితం మీద వంశవృక్షం గీసుకుని మన వరసలు పెట్టాను.

విక్టోరియా రాణి పెద్ద కూతురి కొడుకు జర్మనీ కైజర్ విల్హెల్మ్. ఆ రాణి పెద్ద కొడుకు ఎడ్వర్డ్, ఆయన కొడుకు బ్రిటన్ రాజు ఐదో జార్జ్. అంటే జార్జ్‌కి విల్హెల్మ్ మేనత్త కొడుకు. వయసులో ఆరేళ్లు పెద్ద. సాక్షాత్తూ బావ. జార్జ్ తల్లీ, రష్యా జార్ రెండో నికొలస్ తల్లీ డెన్మార్క్ రాజు కూతుళ్లు, సొంత అక్కచెల్లెళ్లు. కాబట్టి నికొలస్‌కి జార్జ్ పెద్దమ్మ కొడుకు, అన్న. ఫొటోల్లో ఇద్దరూ కవలల్లా ఉంటారు, అక్కడే తెలిసిపోతుంది. నికొలస్ పెళ్లాం అలెగ్జాండ్రా మళ్లీ విక్టోరియా ఇంకో కూతురి బిడ్డ. ఆమె తల్లికి విల్హెల్మ్ తల్లి అక్క. కాబట్టి విల్హెల్మ్ ఆమెకి అన్న, నికొలస్‌కి బావగారు. ఇటు జార్జ్‌కీ, అటు నికొలస్‌కీ విల్హెల్మ్ ఒక్కడే బావ, వేరే వేరే దారుల్లో. అన్నదమ్ములిద్దరూ ఒకవైపు, బావ ఒకవైపు. ఈ ముక్క తెలిశాక నాకు 1914 జులై ఆఖర్లో విల్హెల్మ్, నికొలస్ ఒకరికొకరు పంపుకున్న టెలిగ్రాములు వేరేగా వినపడ్డాయి. "విల్లీ", "నికీ" అని సంతకాలు పెట్టుకుంటూ, ఇంగ్లిష్‌లో, నువ్వు ఆపు అంటే నువ్వు ఆపు అని. ఇంటి పెళ్లిలో బావలు మాటా మాటా అనుకుని విడిపోవడం చూసినవాళ్లకి ఆ గొంతు కొత్త కాదు. అయితే చుట్టరికమే యుద్ధానికి కారణం అనుకోకండి. ఆ టెలిగ్రాములు పోతుండగానే కింద సైన్యాలు కదిలిపోతున్నాయి. చుట్టరికం ఏమీ ఆపలేకపోయింది, అంతవరకే.

మిగతా పేర్లకి, పుస్తకం ఆఖరి ఖాళీ పేజీలో పెన్సిల్‌తో పేరు, ఏ దేశం, ఏం ఉద్యోగం, అంతే రాసుకోండి. దేశానికి నలుగురు చాలు. ఐదోవాడు మళ్లీ మళ్లీ వస్తే అప్పుడు చేర్చండి. పలకడం గురించి టెన్షన్ పడొద్దు. బెల్జియంలోని ఈప్ర్ అనే ఊరిని బ్రిటిష్ సిపాయిలు వైపర్స్ అనేవాళ్లు. వాళ్లకే రాలేదు, మనకెందుకు.

తారీఖులకి నా దగ్గర ఒక పద్ధతి ఉంది. పాత క్యాలెండర్ కాగితం వెనక గళ్లు గీసి, 1914 జూన్ 28 నుంచి ఆగస్టు 4 దాకా 38 రోజులు రాశాను. జూన్ 28న సారయేవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌నీ, ఆయన భార్యనీ గావ్రిలో ప్రిన్సిప్ అనే కుర్రాడు కాల్చాడు. జులై 5, 6 తేదీల్లో జర్మనీ ఆస్ట్రియాకి మీ వెనక మేమున్నాం అంది. 23న సెర్బియాకి ఆస్ట్రియా 48 గంటల గడువుతో అల్టిమేటం. 28న దాని మీద యుద్ధం. 30న రష్యా మొత్తం సైన్యాన్ని పిలిచింది. ఆగస్టు 1న రష్యా మీద, 3న ఫ్రాన్స్ మీద జర్మనీ యుద్ధం ప్రకటించింది. 4న బ్రిటన్ దిగింది, దాంతో ఎవరూ అడక్కుండానే మనమూ దిగాం.

గళ్లలో నింపి చూస్తే మొదట కళ్లకి తగిలేది ఖాళీ గళ్లు. జులై 6 నుంచి 23 దాకా పెద్దగా ఏమీ లేదు. జనం సెలవులకి పోయారు, కైజర్ కూడా ఓడెక్కి నార్వే వైపు వెళ్లాడు. పుస్తకాలు ఆ ఖాళీని రెండు పేజీల్లో దాటించేస్తాయి, అందుకే మనకి బాంబు పేలినట్టు వరసగా జరిగిపోయినట్టు అనిపిస్తుంది. ఆ ఖాళీలో ఆపడానికి టైముంది. క్యాలెండర్ గీసుకోకపోతే ఈ సంగతి నాకు ఎప్పటికీ తట్టేది కాదు.

తారీఖుల్లో ఇంకో మెలిక. రష్యావాళ్లది అప్పట్లో పాత క్యాలెండర్, పశ్చిమ యూరప్ కంటే 13 రోజులు వెనక. అందుకే అక్టోబర్ విప్లవం మన లెక్కలో 1917 నవంబర్ 7. పుస్తకంలో రష్యా తారీఖు కనపడగానే ఏ లెక్కో ముందుమాటలో చూడండి. గంటలు కూడా అంతే: ఆగస్టు 4న బ్రిటన్ జర్మనీకి ఇచ్చిన గడువు లండన్‌లో రాత్రి 11కి ముగిసింది, బెర్లిన్‌లో అప్పుడు అర్ధరాత్రి.

రైళ్ల దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, అది నా జబ్బు. జర్మనీ ఆ ఆగస్టులో పదకొండు వేల దాకా రైళ్లు నడిపి సైన్యాన్ని సరిహద్దులకి చేర్చింది. ఆగస్టు 1న కైజర్ తన సైన్యాధిపతి మోల్ట్‌కేని పిలిచి, ఫ్రాన్స్ వైపు వద్దు, మొత్తం రష్యా వైపు తిప్పు అన్నాడు. కుదరదు అన్నాడు మోల్ట్‌కే. ఏడాది పొడుగునా వేసుకున్న టైంటేబులు, లక్షల మంది, ఒక్క పూటలో తిప్పితే అది సైన్యం కాదు, గుంపు అవుతుందని. చదువుతుంటే నాకు మోల్ట్‌కే మీద జాలేసింది. ఈస్ట్ కోస్ట్ లైన్‌లో తుఫానుకి ఒక్క బండి దారి మళ్లిస్తే మా సంచులు మూడు రోజులు దిక్కులేకుండా తిరిగేవి. కానీ తర్వాత ఇంకో పుస్తకంలో చదివాను, జర్మన్ సైన్యంలో రైళ్లు చూసిన అధికారి ఒకాయనకి ఈ మాట పౌరుషం తెప్పించిందట. యుద్ధం అయ్యాక కుదిరేదని లెక్కలేసి మరీ పుస్తకం రాశాడు. ఎవరిది నిజం? నాకు ఆ అధికారి మాటే కాస్త నమ్మాలనిపిస్తుంది, కుదరదు అనడం పెద్ద ఆఫీసర్లకి ఎంత సులువో చూసినవాణ్ణి కదా. మీరు మీ ఇష్టం. ఒక పుస్తకంలో "ఇది అసాధ్యం", "ఇది తప్పనిసరి" అన్న మాట కనపడిన చోటల్లా పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకోండి. రెండో పుస్తకంలో అదే రోజు తీసి చూడండి.

అంకెల దగ్గర నేను పరువు పోగొట్టుకున్నాను. స్టేషన్ ఎదురుగా టీ కొట్టు దగ్గర నలుగురం కూర్చుంటాం. అక్కడ ఓ రోజు, ఫ్రాన్స్‌లో జరిగిన సొమ్ యుద్ధంలో మొదటి రోజు, 1916 జులై 1న, ఒక్క బ్రిటిష్ సైన్యంలోనే 57 వేల మంది చచ్చిపోయారని గొప్పగా చెప్పాను. మాలో ఒకాయన మిలిటరీలో చేసినవాడు. "క్యాజువాలిటీ అంటే చచ్చిపోవడం కాదు బాబూ" అన్నాడు. ఇంటికెళ్లి చూస్తే నిజమే. 57,470 అన్నది చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, కనపడనివాళ్లు, పట్టుబడ్డవాళ్లు అందరూ కలిపి. చనిపోయినవాళ్లు 19,240. మన పేపర్లో బస్సు ప్రమాదం రాస్తే మృతులు, క్షతగాత్రులు అని విడివిడిగా వేస్తారు. ఇంగ్లిష్ పుస్తకం ఒక్క మాటలో కట్టేస్తుంది. 19 వేలు తక్కువేమీ కాదు, కానీ తప్పు అంకె తప్పే.

దూరాలని మన దూరాల్లోకి మార్చుకోండి, లేకపోతే బుర్రకెక్కవు. ఫ్రాన్స్, బెల్జియంలో తవ్విన కందకాల వరస సముద్రం నుంచి స్విట్జర్లాండ్ దాకా సుమారు 700 కిలోమీటర్లు. ఇచ్ఛాపురంలో కందకంలోకి దిగితే ఒంగోలు దగ్గర పైకి తేలడం. అదే సొమ్‌లో 141 రోజులు కొట్టుకుని ముందుకి పోయింది ఎక్కువలో ఎక్కువ పది కిలోమీటర్లు. విజయనగరం నుంచి నెల్లిమర్ల. మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేటప్పుడు ఆ దూరం రోజూ సైకిల్ మీద పోయి వచ్చేవాడు.

మిల్లు అంటే గుర్తొచ్చింది. ఆ కందకాల గట్లకి పేర్చిన ఇసక సంచుల్లో లెక్కలేనన్ని కలకత్తా జనపనార మిల్లుల్లోంచి పోయినవే. యుద్ధంలో ఆ మిల్లుల యజమానులు బాగా గడించారు. ఫొటోల్లో సిపాయిల వెనక ఎప్పుడూ కనపడే ఆ సంచుల్ని ఎవరూ చూడరు. నేను ముందు వాటినే చూస్తాను, గోనె అల్లిక కనపడుతుందేమోనని. మీరూ ఫొటోల పేజీలు తిరగేసేటప్పుడు మధ్యలో నిలబడ్డ జనరల్‌ని వదిలి అంచుల్లో చూడండి. గుర్రాన్ని పట్టుకున్నది ఎవరు, బిందె మోస్తున్నది ఎవరు అని.

ఇంగ్లిష్ మాటలకి డిక్షనరీ ప్రతిదానికీ తియ్యొద్దు. పాతిక మాటలు వస్తే పుస్తకం నడుస్తుంది. బెటాలియన్ అంటే సుమారు వెయ్యి మంది, పెద్ద పంచాయతీ అనుకోండి. డివిజన్ అంటే పది పదిహేను వేలు దాటిన పట్నం. ఫ్లాంక్ అంటే సైన్యం పక్కభాగం, డొక్క. సేలియంట్ అనేది నాకు చాన్నాళ్లు అర్థం కాలేదు. నాగావళి వంపు తిరిగిన చోట లోపల ఊరుంటే మూడు వైపులా నీళ్లే కదా. అలా శత్రువు వైపుకి పొడుచుకుపోయిన మన లైను, మూడు వైపులా వాడే. ఈప్ర్ దగ్గర బ్రిటిష్‌వాళ్లు నాలుగేళ్లు ఉన్నది అలాంటి వంపులోనే. ఆర్మిస్టిస్ అంటే సంధి కాదు, కాల్పులు ఆపడం. అది 1918 నవంబర్ 11. వెర్సాయ్ సంధి సంతకాలు 1919 జూన్ 28న, యువరాజుని కాల్చి సరిగ్గా ఐదేళ్లకి. పరీక్షల్లో ఈ రెండూ కలిపేస్తారు జాగ్రత్త అని మేనకోడలికి చెప్పాను.

రోజుకి పది పేజీలు. పొద్దున్న, ఫోన్ చేతిలోకి తీసుకునే ముందు. యుద్ధం వర్ణనలు రాత్రి చదివితే నాకు నిద్ర పట్టదు. ఫ్రాన్స్‌లో పెద్ద పోరు జరిగిన వెర్డన్ గురించి రాత్రిపూట చదివిన వారం మా ఆవిడ పుస్తకం దాచేసింది.

ఇప్పుడు అసలైన సంగతి. ఈ పుస్తకాలు కథలా రాస్తారు. బాగా రాసినవాడు "ఆ రాత్రి అతని చేతులు వణికాయి" అంటాడు. ఎలా తెలుసు? చిన్న అంకె ఉంటే వెనక నోట్స్‌కి వెళ్లండి. డైరీయా, ఉత్తరమా, ముప్పై ఏళ్ల తర్వాత రాసుకున్న ఆత్మకథా? ఆత్మకథల్లో ఎవడి చేతులూ వాడికి అనుకూలంగానే వణుకుతాయి. అంకె లేకపోతే ఆ వాక్యాన్ని సినిమాలో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అనుకుని ముందుకి పొండి.

నా ఉద్యోగం వల్ల ఉత్తరాల పుస్తకాలంటే నాకు వేరే ఇష్టం. 1914 సెప్టెంబర్ ఆఖర్లో మన సైన్యం ఫ్రాన్స్‌లోని మార్సెయిల్స్ రేవులో ఓడ దిగింది. ఎక్కువమంది పంజాబ్, గఢ్వాల్, నేపాల్ వైపు వాళ్లు. వాళ్లు ఇళ్లకి రాసిన ఉత్తరాల్ని ఫ్రాన్స్‌లోనే సెన్సార్ ఆఫీసు పెట్టి చదివేవాళ్లు. ఇవాళ పుస్తకాల్లో మనం చూస్తున్నవి ఆ సెన్సార్‌వాళ్లు ఇంగ్లిష్‌లోకి మార్చి దాచుకున్న ముక్కలు. అసలు ఉత్తరాలు చాలావరకు లేవు. చదువురాని సిపాయి చెప్పాడు, చదువొచ్చిన తోటివాడు రాశాడు, ఆఫీసులో ఒకడు అనువాదం చేశాడు, నూరేళ్లకి రచయిత తనకి కావలసిన నాలుగు లైన్లు తీసుకున్నాడు. నాలుగు చేతులు మారింది. చిన్నప్పుడు మా వీధిలో నేనే ఆ రెండో చెయ్యి. మొగుడు ఖరగ్‌పూర్‌లోనో కలకత్తాలోనో ఉంటే ఇక్కడ ఆడవాళ్లు ఇన్‌లాండ్ కవరు తెచ్చి నాచేత రాయించేవాళ్లు. ఏడుస్తూ చెప్పింది కూడా నేను "ఇక్కడ అందరం క్షేమం" అనే రాసేవాణ్ణి, అలాగే రాయాలనుకునేవాణ్ణి. కాబట్టి సిపాయి ఉత్తరంలో "సర్కారు ఉప్పు తిన్నాం" అని ఉంటే అది వాడి గుండెలోదా, రాసినవాడి అలవాటా, సెన్సార్‌కి వినపడాలని అన్నదా, నాకు మూడు అనుమానాలూ వస్తాయి.

వాళ్లూ తెలివైనవాళ్లే. ఒక ఉత్తరంలో నల్ల మిరియాలు అయిపోవచ్చాయి, ఇప్పుడు ఎర్ర మిరప వాడుతున్నారు అన్న కబురు ఉంది. వంట సంగతి కాదది. నల్లవి మనవాళ్లు, ఎర్రవి తెల్లవాళ్లు. సెన్సార్‌వాడికి అది అర్థమైంది కాబట్టే మన దాకా వచ్చింది. అర్థం కానివి ఎన్ని ఊళ్లు చేరాయో.

ఫ్రాన్స్ ఒక్కటే చదివి ఆపకండి. మనవాళ్లు ఎక్కువమంది పోయింది మెసపొటేమియాకి, అంటే ఇప్పటి ఇరాక్‌కి. కుత్ అనే ఊళ్లో 1915 డిసెంబర్ నుంచి 1916 ఏప్రిల్ 29 దాకా ముట్టడిలో చిక్కుకుని, తిండి లేక లొంగిపోయారు. పదమూడు వేల మంది దాకా ఖైదీలయ్యారు, అందులో ఎక్కువమంది భారతీయులే. సోంపేట, కంచిలి వైపు నుంచి గల్ఫ్‌కి పనికి పోయే కుర్రాళ్లకి అదే ఇరాక్‌లోని బస్రా పేరు కొత్త కాదు. వాళ్లకి ఈ కథ ఎవరూ చెప్పలేదు.

ఇక మన జిల్లాల గురించి కావాలంటే యుద్ధం పుస్తకాల్లో కాదు, చుట్టుపక్కల వెతకాలి: ధరలు, కిరోసిన్, బట్ట, జ్వరం. 1918లో మద్రాసు రాష్ట్రంలో ధాన్యం అంగళ్ల మీద పడి దోచుకున్నారు. అదే ఏడాది ఇన్‌ఫ్లుయెంజా వచ్చి దేశం మొత్తం మీద కోటి ఇరవై లక్షలకి పైగా జనం పోయారు, యుద్ధంలో పోయిన మనవాళ్లకి నూటయాభై రెట్లు పైనే. మా ముత్తమ్మమ్మ ఇద్దరు పిల్లల్ని ఆ జ్వరంలోనే పోగొట్టుకుందని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. దాన్ని యుద్ధంతో కలిపి ఎవరూ చెప్పలేదు, పుస్తకం చదివాక నేనే కలిపి చూసుకున్నాను. మీరు కూడా అలాంటి క్యాలెండర్ కాగితం యుద్ధం మొత్తానికీ గీసుకుని, మీ ఇంటి పెద్దల తారీఖులు దాని మీదే ఇంకో రంగుతో వెయ్యండి. గురజాడ వారు పోయింది 1915 నవంబర్ 30. అప్పటికి మనవాళ్లు ఫ్రాన్స్‌లో ఒక చలికాలం గడిపి రెండోదాంట్లో ఉన్నారు. ఇలా పక్కపక్కన పెట్టుకుంటే ఆ ఊళ్లూ ఈ ఊళ్లూ ఒకే ఏడాదిలో ఉండేవని నమ్మకం కుదురుతుంది.

మొదటి పుస్తకం అయ్యాక వేరే విషయానికి పోకండి. అదే విషయం మీద ఇంకొకరు రాసింది తియ్యండి, మొత్తం అక్కర్లేదు, మీకు బాగా గుర్తున్న రెండు రోజులు మాత్రం. తేడాలు కనపడతాయి. వాటికి పెన్సిల్.

మేనకోడలికి సంక్రాంతప్పుడే ఎమ్డెన్ పుస్తకం ఇచ్చి పంపాను. మొన్న శ్రీకాకుళం బస్సులోంచి ఫోన్ చేసింది. "మావయ్యా, నువ్వు మద్రాసు మీద నూట పాతిక గుండ్లు అని మార్జిన్‌లో రాసేవు. ఇక్కడ లైబ్రరీలో తీసిన ఇంకో దాంట్లో నూట ముప్పై అనుంది. ఏది రాయమంటావు పరీక్షలో?"

"కింద అంకె ఉందా?" అన్నాను.

"ఉంది."

"వెనక తీసి చూడు. లెక్కపెట్టినవాడు ఓడ మీద ఉన్నాడా, ఒడ్డు మీద ఉన్నాడా?"

పేజీలు తిరగేసిన చప్పుడు వినపడింది. తర్వాత సిగ్నల్ పోయింది.